‘అది’ అనని నెల

1వ తేదీ, సోమవారం. కాఫీకి ముందు.

తీర్మానం: ఈ నెలంతా నా నోటి నుంచి ‘అది’ అన్న మాట రాకూడదు. ప్రతి వస్తువుకూ ఎవరో ఒకరు కష్టపడి ఒక పేరు పెట్టారు. ఆ పేరుతోనే పిలవాలి.

కారణం కూడా రాసి పెడుతున్నాను. నాలుగు రోజులయ్యాక ‘ఇదంతా ఎందుకు మొదలుపెట్టానబ్బా’ అని నన్ను నేనే అడుగుతాను కాబట్టి.

మొన్న శనివారం పాఠం. స్టీరింగ్ దగ్గర మాస్టారు. వ్యాకరణం చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైకిలు తొక్కి, ఇప్పుడు కారు నేర్చుకోవాలని పంతం పట్టారు. పక్క సీట్లో నేను, మా డ్రైవింగ్ స్కూల్లో ఒకే ఒక్క ఆడ ఇన్‌స్ట్రక్టర్ని. ఎదురుగా పాల వ్యాను ఆగి ఉంది. మేం ఆగలేదు.

“అది! అది తొక్కండి!” అని అరిచాను.

మాస్టారు తాపీగా నా వైపు తిరిగారు. “ఏదమ్మా? సర్వనామం వాడేముందు నామవాచకం చెప్పాలి కదా” అన్నారు. అంటూనే, ఊరికే ఉండటం మర్యాద కాదనుకున్నారేమో, యాక్సిలరేటర్ తొక్కారు. నా కాళ్ల దగ్గర రెండో బ్రేకు ఉంది కాబట్టి ఇవాళ ఈ డైరీ రాస్తున్నాను. వ్యానుకీ మాకూ మధ్య జానెడు మిగిలింది.

బ్రేక్. ఆ మాట నాకు గుర్తు రాలేదు. ఇరవై ఏళ్లుగా పొద్దున లేచింది మొదలు అరిచే మాట. నా దగ్గర నేర్చుకున్నవాళ్లంతా నన్ను పిలిచేదే ‘బ్రేకక్క’ అని. సొంత ఇంటిపేరు మర్చిపోయినట్టుంది.

రెండో కారణం. 26న రవాణా శాఖ నుంచి బ్రేకిన్‌స్పెక్టర్ వస్తున్నారు, ఇన్‌స్ట్రక్టర్ల పర్మిట్లు పొడిగించడానికి. వెనక సీట్లో కూర్చుని పాఠం చూస్తారు. ఈసారి కొత్త నిబంధన పెట్టారట. ఆజ్ఞ నోటితోనే, స్పష్టంగా ఇవ్వాలి. మన వైపు బ్రేకు మనం తొక్కితే తప్పినట్టే. తప్పితే పక్క సీటు పోయి కౌంటర్ సీటు వస్తుంది. అక్కడ కూర్చుని ఫోన్లెత్తుకోవాలి. ఈ ముక్క ఓనరు నవ్వుతూ చెప్పాడు. చావు కబురు చల్లగా చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

నాకు ఆ పక్క సీటు కావాలి. అంతే. దాని గురించి ఇంకేం రాసినా ఏడుపొస్తుంది.

పిల్ల తీర్మానాలు:
పదింటికల్లా పడక.
పొద్దున్నే నడక.
రోజుకో గళ్లనుడికట్టు. (మా ఆయన సలహా. మెదడుకి మంచిదని పేపర్లో చదివాడట. ఏ పేపరో గుర్తులేదట. ఆయన మర్చిపోతే మనిషన్నాక మర్చిపోవడం, నేను మర్చిపోతే జబ్బు.)

మంచి ఊపులో ఉన్నాను. ఈసారి ఖాయం.

2వ తేదీ, మంగళవారం

అద్భుతం! రోజంతా ఒక్కటంటే ఒక్క ‘అది’ లేదు.

రాత్రి భోజనాల దగ్గర, “నీలం మూత ఉన్న ఉప్పు సీసా ఇలా ఇవ్వండి” అన్నాను. మా ఆయన చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. “నేనేం చేశాను?” అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నేను వస్తువుల పేర్లు పూర్తిగా పలికింది పోట్లాటల్లోనేనట. మా అమ్మాయి కాలేజీలో విద్యార్థిని, ఇంట్లో న్యాయమూర్తి. అమ్మ ధరల పట్టీ చదువుతున్నట్టు మాట్లాడుతోందని తీర్పు చెప్పింది. నేను పట్టించుకోలేదు. తపస్సు చేసేవాళ్లకి ఇలాంటి ఆటంకాలు మామూలే.

నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు. మెడ దగ్గర మొదలై ఒళ్లంతా సెగ. కిటికీ తెరిచాను, ఫ్యాను పెంచాను, దుప్పటి తన్నేశాను. ఆయన చలికి తలకి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. ఒకే మంచం మీద రెండు ఋతువులు నడిచాయి.

నడక రేపటి నుంచి.

4వ తేదీ, గురువారం

చీటీలు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ తట్టలేదేమిటి?

గుండ్రటి అక్షరాలతో రాసి కారంతా అంటించాను. బ్రేక్, క్లచ్, గేర్, హారన్, ఇండికేటర్, అద్దం. నేర్చుకునేవాళ్ల కోసమే అనుకుంటారు, నా పరువు దక్కుతుంది.

మాస్టారు ఎక్కీ ఎక్కగానే జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. తెలుగు మాట అచ్చుతో ముగియాలట. బ్రేక్‌ని బ్రేకు చేశారు, గేర్‌ని గేరు చేశారు, ఇండికేటర్‌కి కూడా కొమ్ము తగిలించారు. కొంపలంటుకునే వేళ ఆ కొమ్ము పలికే తీరిక ఉండదండీ అన్నాను. హల్లు దగ్గర ఆపేస్తే మాట కుంటుతుందమ్మా అన్నారు. బండి ఆగితే చాలు, మాట కుంటినా పర్వాలేదన్నాను. ‘అద్దం’ ఒక్కటే ఆయనకి నచ్చింది.

చిన్న చిక్కు. చీటీ చదవాలంటే కళ్లజోడు కావాలి. కళ్లజోడు ఎక్కడుందో చెప్పే చీటీ లేదు.

గళ్లనుడికట్టు మొదలుపెట్టాను. అడ్డం ఒకటి: మరపు, మూడక్షరాలు. గుర్తు రాలేదు. పెన్సిలు చేతిలో ఉండగానే కునుకు పట్టింది, అదొక లాభం. (ఈ వాక్యంలో ఉన్నది ‘అదొక’. వేరే మాట.)

7వ తేదీ, ఆదివారం

తీర్మానంలో సవరణలు. పెద్ద పెద్ద చట్టాలకే తప్పడం లేదు.

ఆదివారం సెలవు. ‘అది’ మీద నిషేధం కూడా ఒక రోజు విశ్రాంతి తీసుకుంటుంది.

‘ఇది’ మీద మొదటి నుంచీ నిషేధం లేదు.

‘అదిగో’ చెల్లుతుంది. మాస్టారికి ఫోన్ చేసి మరీ అడిగాను. అవ్యయం కింద వేసుకోవచ్చన్నారు. పొద్దున్నే వ్యాకరణం అడిగే మనిషి దొరికిందని మురిసిపోయి అరగంట చెప్పారు. అందులో సగం నిద్రలో విన్నాను.

‘అదీ’ అంటే చివర దీర్ఘం ఉంది, కాబట్టి వేరే మాట. ఇది నా సొంత తీర్పు.

‘దాన్ని’, ‘దాంతో’, ‘దాంట్లో’. మొహం పూర్తిగా మారిపోయింది, కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. చెల్లుతాయి.

నడకకి వెళ్లాను! వీధి చివరిదాకా వెళ్లాక ఎందుకొచ్చానో గుర్తు రాలేదు. ఊరికే వెనక్కి రావడం బాగోదని పాలు కొనుక్కొచ్చాను. ఇంట్లో పాలు ఉన్నాయి.

10వ తేదీ, బుధవారం

ఇది రాయకపోతేనే మంచిది. రాస్తాను.

పొద్దున మొదటి పాఠం. స్కూలు గేటు ముందు తెల్ల కారు ఆగి ఉంది. తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను, బెల్టు పెట్టుకున్నాను. రోజూ చెప్పినట్టే, “అద్దాలు సరిచేసుకోండి. న్యూట్రల్. ఊపిరి పీల్చుకోండి. పోనివ్వండి” అన్నాను. డ్రైవరు సీట్లో ఉన్నాయన అద్దాలు సరిచేసుకున్నాడు, ఊపిరి పీల్చుకున్నాడు, పోనిచ్చాడు. క్లచ్ ముందే వదిలేస్తున్నారని మందలించాను. తలూపాడు. మలుపు దాటాక ఇండికేటర్ ఆపలేదని కూడా అన్నాను. కూరగాయల బజారు దాకా వెళ్లాక బండి పక్కకి తీసి, “మీరు ఎవరండీ?” అని అడిగాడు.

మా కారు కాదు. ఆయన మా స్టూడెంటూ కాదు. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాడట, భార్యని బ్యాంకు దగ్గర దింపి ఫోన్ చూసుకోవడానికి ఆగాడట. మరి ఇంత దూరం ఎందుకు వచ్చారండీ అంటే, మీరు చెప్పిన తీరు చూసి ఎదురు చెప్పడానికి భయమేసిందన్నాడు.

తిరిగి దింపి వెళ్లాడు, పెద్దమనిషి. క్లచ్ నిజంగానే ముందే వదులుతున్నాడు.

ఈ కథ మధ్యాహ్నానికల్లా స్కూలంతా పాకింది. ఓనరు నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం ఇదే మొదటిసారి చూడటం.

13వ తేదీ, శనివారం

అలసట. పని చేస్తే వచ్చే అలసట కాదిది. లేచేసరికే వచ్చి మంచం మీద నా కంటే ముందు కూర్చుని ఉంటోంది.

మధ్యాహ్నం పాఠం బ్యాంకు ఉద్యోగినికి. బండి వెనక్కి తీసి రెండు కార్ల మధ్య పెట్టడం నేర్పాలి. “మెల్లగా” అన్నాను, కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బండి గీతల మధ్య ముత్యంలా ఆగి ఉంది. మీరు ఏమీ అనకుండా ఉంటే నాకు చక్కగా వస్తోందండీ అని ఆ అమ్మాయి సంతోషపడింది. ఇరవై ఏళ్ల అనుభవానికి ఇంతకంటే సన్మానం ఏముంటుంది?

నాకు భయంగా ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడా అనలేను. మతి పోతోందా? ఇవాళ బ్రేకు, రేపు క్లచ్, ఎల్లుండి కూతురి పేరా?

అమ్మ గుర్తొస్తోంది. నా వయసులో అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు. చెవికి హెడ్‌ఫోను, రెండు చేతుల్లో తీగలు, ఎవరికి ఎవరిని కలపాలో ఊరంతా నోటికి. ఉన్నట్టుండి ఒక రోజు మానేసింది. ఇల్లు చూసుకోవాలంది. ఆ తర్వాత చూసుకోవడం తక్కువ, అరవడం ఎక్కువ. గదిలోకి వచ్చి ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. ఏమైందని అడిగితే పెద్దవాళ్లు గొంతు తగ్గించి, “మీ అమ్మకి అది... నీకు తెలీదులే” అనేవారు.

‘అది’ అప్పుడు కూడా ఉంది.

తీర్మానం స్థితి: అడగొద్దు.

15వ తేదీ, సోమవారం

ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాను. లేడీ డాక్టరు. నా కంటే చిన్నది, నా కంటే బాగా నిద్రపోయినట్టుంది.

నిద్ర, సెగలు, మతిమరుపు అన్నీ చెప్పాను. చివరికి గొంతు తగ్గించి, “అది కూడా సరిగ్గా రావడం లేదండీ” అన్నాను.

“ఏది?”

మళ్లీ దొరికిపోయాను. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, రోడ్డు మీద లారీ డ్రైవర్లని తిట్టగలను, నెలసరి అన్న మాట డాక్టరు ముందు పలకడానికి నీళ్లు నమిలాను. ఆవిడ మాత్రం ఊరి పేరు చెప్పినంత సులువుగా చెప్పారు. దీన్ని పెరిమెనోపాజ్ అంటారట. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్ల పాటు శరీరం ఇలా గతుకుల్లో పడుతుందట. నిద్ర చెడటం, ఒళ్లు కాగటం, తెలిసిన మాట నాలుక చివర ఆగిపోవడం చాలామందిలో ఉండేదేనట. థైరాయిడ్, రక్తం పరీక్షలు కూడా రాశారు. మందులున్నాయి, మీకేది సరిపోతుందో పరీక్షలు వచ్చాక చూద్దామన్నారు.

“మతి పోవడం కాదు కదా?” అన్నాను.

“మీరు చెప్పినవన్నీ చూస్తే నాకలా అనిపించడం లేదు. అలసిపోయారు, అంతే. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?”

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కాంపౌండరు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. చెడ్డ వార్త అనుకుని ధైర్యం చెప్పబోయాడు. చాలా మంచి వార్త బాబూ అన్నాను.

ఇంటికి చేరేసరికి ఆ పేరు మర్చిపోయాను.

మా ఆయనతో, “నాకు అది వచ్చిందట” అన్నాను.

“ఏది?”

“అదే. పూర్తిగా ఆగిపోయే ముందు వస్తుందే, అది.”

“కుదుపులు కూడా ఉన్నాయా? పెట్రోల్లో చెత్త చేరి ఉంటుంది. మెకానిక్కి చూపించు” అన్నాడు.

18వ తేదీ, గురువారం

పేరు చీటీ మీద దొరికింది, డాక్టరు రాసిచ్చిన పరీక్షల చీటీ మీద. మా ఆయనకి చూపించాను. చదివాడు, చీటీ మడిచాడు, అప్పటి నుంచి నన్ను గాజు సామానులా చూస్తున్నాడు. ప్రేమే, కాదనను. కానీ తన అక్కయ్యకి ఫోన్ చేసి, “ఆవిడకి... అదేనే... ఆఁ, అది” అని గుసగుసలాడాడు. అటువైపు వెంటనే అర్థమైంది. పేరు లేకుండా ఇంత ఖచ్చితంగా అర్థమయ్యే సంగతి ఇంకోటి చూడలేదు.

అందిన వైద్యాలు:
వదిన: వేడి తగ్గించు. చల్లనివి తిను.
వదిన కోడలు: చల్లనివి అసలు ముట్టుకోవద్దు.
పక్కింటావిడ: అంతా మనసులోనే ఉంది. మనసు గట్టి చేసుకో.
మా ఆయన: గళ్లనుడికట్టు.
మా అమ్మాయి: “అమ్మా, నువ్వు పడుకో.” (ఇది ఒక్కటే పనికొచ్చింది.)

ఓనరు దాకా ఎలా వెళ్లిందో తెలియదు. కౌంటర్ దగ్గరికి పిలిచి, నేల చూపులు చూస్తూ, ‘ఈ సమయంలో’ విశ్రాంతి అవసరమన్నాడు. పరీక్షకి మీరు రాకపోయినా నేను సర్దుతాను మేడమ్ అన్నాడు. కౌంటర్ సీటు మీదికి ఏసీ గాలి నేరుగా వస్తుందని కూడా అన్నాడు.

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఒక్క క్షణం ఆ ఏసీ కింద నిలబడి, సరే అనేద్దామనుకున్నాను. అంత హాయిగా ఉంది.

22వ తేదీ, సోమవారం

అది పట్టుకుని దాంట్లో పెట్టడానికి వెళ్లాను. అది అక్కడ లేదు. దానికోసం వెతుకుతుంటే అదేదో కనిపించింది. అది తీసి ఇందులో పెట్టాను. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు.

తీర్మానం ఇవాళ్టితో సరి. దాని ఆత్మకి శాంతి కలుగుగాక.

పాఠంలో కూడా దాచుకోవడం మానేశాను. మాస్టారి ముందు అది అది అది అని పాఠమంతా నడిపాను. ఆయన ఒక్కసారీ ‘ఏది’ అనలేదు. అన్నీ సరిగ్గా చేశారు. దిగేటప్పుడు నేనే అడిగాను, ఎలా తెలిసిందండీ అని.

మాస్టారు మొహం వెలిగిపోయింది. నా ‘అది’లో మూడు విభక్తులు ఉన్నాయట. మామూలుగా అంటే గేరు. విసుక్కుంటూ అంటే అద్దం. గొంతు పెంచి, దీర్ఘం తీస్తే బ్రేకు. పాల వ్యాను రోజున దీర్ఘం తీయకపోవడం వల్లే పొరపాటు జరిగిందట, తప్పు తనది కాదట.

రక్తంలో ఇనుము తక్కువట. థైరాయిడ్ బాగానే ఉంది. మందులు మొదలు. నాలుగు రోజుల్లో మహిమ చూపమని అడిగితే డాక్టరు నవ్వారు. వారాలు పడుతుందట.

26కి నాకున్నవి వారాలు కాదు.

26వ తేదీ, శుక్రవారం

పొద్దున కారు తళతళలాడుతోంది. ఇన్‌స్పెక్టరు వస్తున్నారని ఓనరు కడిగించాడు. చీటీలన్నీ పోయాయి. గేరు దగ్గర ఒక్క ఎర్ర కొమ్ము మాత్రం అంటుకుని ఉంది.

స్టూడెంటుగా మాస్టారిని ఎంచుకున్నాను. బ్యాంకు అమ్మాయి బాగా నడుపుతుంది, కానీ ఆమెకి నా భాష రాదు. గొంతు బాలేదని ముందే చెప్పేయండి, ఏ మాట తప్పినా సర్దుకుపోతుందని ఓనరు చెవిలో ఊదాడు.

బ్రేకిన్‌స్పెక్టర్ వెనక సీట్లో కూర్చున్నారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. బయల్దేరాం. అద్దం, బెల్టు, ఇండికేటర్, కుడి, ఎడమ, అన్నీ పేర్లతో వచ్చాయి. నాకే ముచ్చటేసింది. బజారు దాటాక వాలు దిగుతున్నాం. గోడలకి రంగులేసే ఆయన పెద్ద నిచ్చెన భుజాన అడ్డంగా పెట్టుకుని, మా వైపు చూడకుండా రోడ్డు మీదికి దిగాడు.

సరిగ్గా అప్పుడే మెడ దగ్గర సెగ మొదలైంది. నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. ఇరవై ఏళ్ల మాట ఉండాల్సిన చోట ఖాళీ. కాలు దానంతట అదే లేచి రెండో బ్రేకు మీదికి వెళ్లింది. తొక్కితే తప్పినట్టే. తొక్కకపోతే నిచ్చెన.

“అదీ!”

మాస్టారి కాలు బ్రేకు మీద మెత్తగా దిగింది. బండి ఆగింది. నిచ్చెన మా ముందు నుంచి ఊగుతూ వెళ్లిపోయింది. మాస్టారు హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. నా కాలు నా బ్రేకుని తాకలేదు.

“అది అంటే ఏది?” అన్నారు వెనక నుంచి ఇన్‌స్పెక్టరు.

“బ్రేకు. దీర్ఘం ఉంది కదా” అన్నారు మాస్టారు.

నిబంధనలో దీర్ఘాలు లేవన్నారు ఇన్‌స్పెక్టరు. ఆజ్ఞ ఎవరికైనా అర్థమయ్యేలా ఉండాలన్నారు. తర్వాత నన్ను అడిగారు, ఇంత అనుభవం ఉన్నవారికి బ్రేక్ అన్న మాట రాకపోవడం ఏమిటని.

గొంతు బాలేదని చెప్పడానికే నోరు తెరిచాను. నిజంగా. కానీ అమ్మ గుర్తొచ్చింది, పెద్దవాళ్ల గుసగుస గుర్తొచ్చింది, ఓనరు నేల చూపులు గుర్తొచ్చాయి. పది రోజులుగా నోటికి దొరక్కుండా తిరుగుతున్న మాట తనంతట తనే వచ్చి నాలుక మీద కూర్చుంది.

“పెరిమెనోపాజ్ సార్. నిద్ర పట్టదు, ఒళ్లు కాగుతుంది, ఒక్కోసారి తెలిసిన మాట రాదు. మందులు వాడుతున్నాను. ఇరవై ఏళ్లలో నా బండి ఎవరినీ తాకలేదు. ఇవాళా తాకలేదు.”

అద్దంలో చూశాను. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను కింద పడింది. దానికోసం వంగి, వంగినచోటే కాసేపు ఉండిపోయారు. “అంటే... అది... సరే లెండి మేడమ్. అదంతా ఇక్కడ... అది రాయక్కర్లేదు” అన్నారు.

మాస్టారు వెనక్కి తిరిగారు. ఎంతో మర్యాదగా అడిగారు.

“అది అంటే ఏది సార్?”

ఫలితం: పర్మిట్ మూడేళ్లకి కాకుండా ఆరు నెలలకి పొడిగించారు. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. కింద ఒక వాక్యం రాశారు: ఆజ్ఞలు నామవాచకాలతో ఇవ్వవలెను. మాస్టారు చూసి, వాక్యం నిర్దోషంగా ఉందన్నారు.

సీటు నాదే. ఓనరు మళ్లీ నవ్వుతున్నాడు.

28వ తేదీ, ఆదివారం

అక్క ఇంటికి వెళ్లాను. అమ్మ అక్కడే ఉంటుంది. వంటింట్లో పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు ఒలిచాను, పరీక్ష సంగతంతా చెప్పాను. నిచ్చెన దగ్గర నవ్వింది, మాస్టారి దగ్గర ఇంకా నవ్వింది. డాక్టరు చెప్పిన పేరు చెప్పాక నవ్వలేదు.

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

“దానికి పేరుందా?” అంది.

ఉందమ్మా అన్నాను.

అమ్మ ఆ కాయ ఒలిచి గిన్నెలో వేసింది. తర్వాత బఠాణీల వైపే చూస్తూ చెప్పింది. ఎక్స్ఛేంజ్‌లో తీగలు తప్పేవట. డాక్టరింటికి కలపబోయి బట్టల కొట్టుకి కలిపేదట. ఒకసారి ఎవరో ప్రసవం కోసం చేసిన ఫోను కూడా తప్పిందట. వెంటనే సరిచేసిందట, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నుంచి తన మీద తనకి నమ్మకం పోయిందట. ఎవరూ మానమనలేదు. తనే మానేసింది.

“పిచ్చెక్కుతోందనుకున్నానే. మీ నాన్న కూడా అలాగే అనుకున్నారు. ఇల్లు చూసుకోవాలని చెప్పేశా. ఆ కుర్చీ అంటే నాకెంత ఇష్టమో” అంది.

నాకు ఏడుపొచ్చింది. అమ్మకి రాలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, అక్క కూతురి కాగితం, పెన్సిలు తెచ్చుకుంది.

“ఏదీ, ఇంకోసారి చెప్పు. రాసుకుంటాను.”

నోరు తెరిచాను.

“అదీ... ఆగమ్మా... ప అక్షరం... అదే...”

అమ్మ నా మొహం చూసింది. పెన్సిలు కింద పెట్టి, నవ్వడం మొదలుపెట్టింది. నేను పుట్టాక అమ్మ అంతగా నవ్వడం చూడలేదు. అక్క పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. మా ఇద్దరికీ ఊపిరాడటం లేదు.

“దీనికి అది వచ్చిందే” అంది అమ్మ.

1వ తేదీ, బుధవారం. కాఫీకి ముందు.

కొత్త నెల, కొత్త తీర్మానం. పాతది మరీ అత్యాశ అని తేలింది.

వస్తువుల్ని ‘అది’ అనొచ్చు. గేరుని, అద్దాన్ని, ఉప్పు సీసాని, అవసరమైతే మా ఆయన్ని కూడా. మాస్టారి విభక్తులు అమల్లో ఉంటాయి. బ్రేకుకి దీర్ఘం తప్పనిసరి. నామవాచకాల సాధన ఆరు నెలల్లో మెల్లగా చేసుకోవచ్చు.

దాన్ని మాత్రం ‘అది’ అనకూడదు. ఎవరి ముందూ, ఏ గొంతుతోనూ. పేరు పెట్టే పిలవాలి.

పదింటికల్లా పడక. పొద్దున్నే నడక. (నడక రేపటి నుంచి.)

ఇప్పుడే అమ్మ ఫోన్ చేసింది. ఆ పేరు నోటికి వచ్చేసిందట. నిన్న సాయంత్రం అక్క వాళ్ల పక్కింటావిడకి కూడా నేర్పిందట. ఇంకెవరికైనా కావాలంటే ఫోన్ కలపమంది, తను చెబుతానంది. తర్వాత హెడ్‌ఫోను పెట్టుకున్న పాత గొంతుతో, ఒక్కో అక్షరం విడదీసి, తప్పు లేకుండా చెప్పింది.

ఈసారి ఖాయం. ఆ పేరు ఇక్కడ పెద్దక్షరాలతో రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. అది కనిపించడం లేదు. అదే, కళ్లకి పెట్టుకునేది.